కీటకాలను కాపాడిన వారిని గుర్తించి సత్కరించడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఒక సమగ్ర మార్గదర్శి

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మ తోట ఉన్న రైతును ఎవరినైనా ఆపి సీతాకోకచిలుక మాట ఎత్తితే, ఆయన ముఖంలో కనిపించేది మురిపెం కాదు, విసుగు. లేత చిగురు మీద ఆవగింజంత పసుపు గుడ్డు పెట్టి ఎగిరిపోయే నిమ్మ సీతాకోకచిలుక, పిల్లలు పొదిగి పెరిగేసరికి అంటు మొక్కను మోడు చేసి వదులుతుంది. అలాంటి చోట ఒక రైతు మందు డబ్బా కొనడం మానేసి, పొద్దున్నే గొంగళి పురుగులను చేత్తో ఏరించి, వాటిని చంపకుండా తోట చివర కాపు తగ్గిన రెండు ముసలి చెట్ల మీద వదిలిపెడుతున్నాడంటే, ఊరు ఆయనకు ఇచ్చే బిరుదు ఒక్కటే: చాదస్తం. ఇలాంటి చాదస్తాలను వెతికి పట్టుకుని, అవి నిజంగా కీటకాలకు మేలు చేశాయో లేదో తేల్చుకుని, ఆ మనిషిని పదిమందిలో నిలబెట్టి గౌరవించడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

గ్రామ స్థాయి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యులు, సైన్సు ఉపాధ్యాయులు, రైతు సంఘాలు, ఊరి యువజన సంఘాలు దీన్ని దగ్గర పెట్టుకుని పని మొదలుపెట్టవచ్చు. కొన్నేళ్లుగా కొందరు మిత్రులతో కలిసి మండల స్థాయిలో ఇలాంటి సత్కారం ఒకటి నడుపుతున్న అనుభవంతో రాస్తున్నాను. మేము చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి, ఎందుకంటే దారి చూపినవి ఎక్కువగా అవే.

మొదటి పని: ఏది సేవ, ఏది కాదు అన్నది ముందే రాసి పెట్టుకోవడం

మా మొదటి ఏడాది సత్కారం ఒక తేనెటీగల పెంపకందారుకు దక్కింది. నూటికి పైగా పెట్టెలు, చక్కటి సీసాల్లో తేనె, మాట్లాడే నేర్పు, అన్నీ ఉన్నాయి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. శాలువా కప్పిన తరువాత వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "ఆ ఈగలు మన ఊరివేనా అయ్యా?" అని అడిగారు. కావు. అవి 1960ల్లో మన దేశంలో స్థిరపడిన యూరపు తేనెటీగలు, ఏపిస్ మెల్లిఫెరా జాతివి, డబ్బిచ్చి కొని తెచ్చినవి. ఆయన చేస్తున్నది గౌరవప్రదమైన వృత్తే, పంటలకు పరాగ సంపర్కంలో ఉపయోగపడేదే, కానీ కోడిపిల్లల ఫారం నడిపే వ్యక్తికి పక్షి సంరక్షకుడన్న బిరుదు ఇవ్వం కదా. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే ఏపిస్ సెరానాకు గానీ, కొండ చరియలకు, పెద్ద చెట్లకు పట్టు పెట్టే కొండ తేనెటీగకు గానీ ఆ పెట్టెల వల్ల కలిగిన మేలు ఏమీ లేదు.

ఆ రోజు నుంచి మేము నిర్వచనాన్ని ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి ప్రకటనకూ జోడిస్తున్నాం. దాని సారాంశం ఇది: సహజంగా బతికే కీటకాల నివాసం, ఆహారం, సంతానం ఒక నిర్దిష్టమైన స్థలంలో నిలిచి ఉండేటట్లు, లేదా పెరిగేటట్లు, కనీసం 3 ఏళ్లపాటు చేసిన పనిని మాత్రమే సేవగా పరిగణిస్తాం. సీతాకోకచిలుకలను డబ్బాల్లో తెచ్చి పెళ్లిళ్లలో, సభల్లో ఎగరవేయడం ఈ లెక్కలోకి రాదు. అద్దాల చట్రంలో సూదులు గుచ్చి పెట్టిన సేకరణ కూడా రాదు, అది పరిశోధన సంస్థ అవసరం కోసం అనుమతితో చేసినదైతే తప్ప.

కీటకమంటే ఏమిటో కూడా ఒక వాక్యం రాసి ఉంచడం మంచిది. ఆరు కాళ్లు, మూడు భాగాల శరీరం ఉన్నదే కీటకం. తొలకరిలో ఎర్రటి మఖమలు బొట్టులా కనిపించే ఆరుద్ర పురుగును పిల్లలు మొదట ప్రస్తావిస్తారు. దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు బంధువు. దాన్ని కాపాడిన వారిని కాదనమని నేను చెప్పను, కానీ ప్రకటనలో పొరపాటు పడితే తెలిసినవారి ముందు నవ్వులపాలు కావలసి వస్తుంది.

ఇక ఏవేవి సేవ కిందికి వస్తాయో ఆలోచించినప్పుడు, మన ప్రాంతపు బతుకునే చూడాలి. ఒంగోలు జాతి పశువులున్న ఇంట్లో పేడ పురుగుల కోసం జాగ్రత్త పడే రైతు ఉండవచ్చు: నట్టల నివారణకు వేసే మందుల్లో ఐవర్‌మెక్టిన్ వంటివి పేడలో కొన్నాళ్లు మిగిలి, అందులో పెరిగే పేడ పురుగు పిల్లలను దెబ్బతీస్తాయి కాబట్టి, మంద మొత్తానికి అలవాటుగా కాకుండా పశువైద్యుడు చెప్పిన పశువుకే మందు వేయించడం చిన్న విషయం కాదు. పేడను మట్టిలోకి దించి నేలను గుల్ల చేసే ఆ పురుగు పనికి విలువ కట్టేవారు తక్కువ. పొలం గట్ల మీద గడ్డి మందు కొట్టకుండా తుమ్మి, గడ్డిచామంతి, తంగేడు పూయనిచ్చేవారు, ఎండిన మానును నరికించకుండా వడ్రంగి తుమ్మెదలకు వదిలేవారు, తీరంలోని రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా వెలిగే దీపాలకు మూతలు పెట్టించినవారు, చెరువు అంచున జమ్మును పూర్తిగా పీకించకుండా తూనీగలకు కొంత చోటు ఉంచిన నీరుగంటి, వీరందరూ మన జాబితాలోకి వస్తారు. అడవి తేనె తీసేటప్పుడు పిల్లలున్న భాగాన్ని వదిలి తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసుకునే యానాది, చెంచు కుటుంబాలను ఈ జాబితాలో మొదట రాయాలని నా అభిప్రాయం. తరతరాలుగా వాళ్లు చేస్తున్న పనికి మనం ఇప్పుడు పేరు పెడుతున్నాం, అంతే.

రెండవ పని: మనుషులను వెతకడం

దరఖాస్తులు ఆహ్వానిస్తూ ప్రకటన ఇచ్చి కూర్చుంటే, దరఖాస్తు రాయడం వచ్చినవారే వస్తారు. నిజంగా పనిచేసినవారిలో చాలామందికి తాము చేస్తున్నది సంరక్షణ అని కూడా తెలియదు. కాబట్టి వెతకడం నిర్వాహకుల బాధ్యత.

మాకు అన్నింటికన్నా బాగా పనికొచ్చిన చోటు పురుగుమందుల దుకాణం. "మీ దగ్గర ఇదివరకు కొని ఇప్పుడు మానేసిన వాళ్లెవరు?" అని అడిగితే దుకాణదారు నిట్టూర్చి రెండు మూడు పేర్లు చెబుతారు. అందులో ఒకరు వ్యవసాయమే మానేసి ఉంటారు, ఒకరు వేరే దుకాణానికి మారి ఉంటారు, మూడో మనిషి మనకు కావలసినవాడు కావచ్చు. ఆ తరువాత రైతు సేవా కేంద్రంలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవారి వివరాలు అడగాలి. రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో చేరినవారు చాలా ఊళ్లలో కొందరైనా ఉంటారు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రసాయన మందు మాని అగ్నాస్త్రం, బ్రహ్మాస్త్రం వంటి కషాయాలను వారం వారం కొట్టే రైతు తన ఖర్చును, నేలను కాపాడుతున్నాడేమో గానీ, పూత మీద వాలిన తేనెటీగకు ఆ కషాయం చుట్టమేమీ కాదు. ఏది కొట్టారన్నదానితో పాటు ఎప్పుడు, ఎన్నిసార్లు, పూత ఉండగానా లేదా అన్నది తప్పక అడగాలి.

పాఠశాలల్లో పిల్లలను అడగడం రెండో మంచి మార్గం. మిణుగురులు ఎక్కడ ఎక్కువ కనిపిస్తాయో పెద్దలు చెప్పలేరు, పిల్లలు ఇంటి గుర్తులతో సహా చెబుతారు. ఆ చోటికి వెళ్లి, అక్కడ ఎందుకు మిగిలాయో ఆరా తీస్తే, వెనక ఒక మనిషి ఉండే అవకాశం ఉంది: వీధి దీపం వద్దని పంచాయతీతో పోట్లాడిన అవ్వ కావచ్చు, బావి చుట్టూ తడి నేలను పూడ్చనివ్వని రైతు కావచ్చు. మిణుగురు పిల్లలు నత్తలను తిని బతుకుతాయి, పెద్దవి తమ వెలుగుతోనే జంటను వెతుక్కుంటాయి; తడి, చీకటి రెండూ ఉన్న చోటే అవి నిలుస్తాయి.

మూడవ పని: చూసి రావడం, లెక్కపెట్టడం

ఈ పనికే ఎక్కువ సమయం కేటాయించాలి. ఎవరి గురించైనా విన్న కథ ఎంత బాగున్నా, స్థలం చూడకుండా ఎంపిక చేయకూడదు. కనీసం రెండుసార్లు వెళ్లాలి. నెల్లూరులో ఏడాది వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది కాబట్టి, వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వానలు వెలిసి గట్లు పచ్చబడిన డిసెంబరు చివరి వారాల్లో ఒకసారి వెళ్తే తేడా తెలుస్తుంది. మే నెల ఎండల్లో వెళ్లి "ఇక్కడ ఏమీ లేవే" అని రాసుకుని వచ్చిన కమిటీ సభ్యుడిని నేను ఎరుగుదును. ఆ ఎండలో సభ్యుడు తప్ప ప్రాణి ఏదీ బయట తిరగదు.

లెక్కపెట్టడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. బ్రిటన్‌లో 1976 నుంచి జాతీయ స్థాయిలో సీతాకోకచిలుకల లెక్క నడుస్తున్న పద్ధతినే మనమూ వాడుకోవచ్చు. ఒక దారిని నిర్ణయించుకుని, అదే దారిలో ఒకే వేగంతో నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందు 5 మీటర్ల లోపల కనిపించిన వాటినే రాసుకోవాలి. వెనక్కి తిరిగి చూసి కలపకూడదు, దూరాన పొద మీద గుంపు కనిపించినా దారి తప్పకూడదు. మన ప్రాంతంలో ఉదయం 8 గంటల నుంచి 11 లోపు, గాలి పెద్దగా లేని రోజున నడవడం మేలు. ఆ మనిషి పొలంలో ఒక నడక, అదే పంట వేసిన పక్క రైతు పొలంలో, అతని అనుమతితో, అంతే దూరం మరో నడక నడిస్తే పోలిక దొరుకుతుంది. ఈ రెండో నడక లేకపోతే మొదటిదానికి అర్థం లేదు.

ఒక నిమ్మ తోటలో మేము చేసిన పరిశీలనను ఇక్కడ వివరంగా చెబుతాను. చిగురు ఆకును రెండు వేళ్లతో తిప్పి చూస్తే గుండ్రటి లేత పసుపు గుడ్డు ఒకటి, ఆ పక్క ఆకు మీద పిట్ట రెట్టలా నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగు ఒకటి కనిపించాయి. మొదటి దశల్లో అది అలాగే ఉంటుంది, పిట్టలు దాన్ని రెట్ట అనుకుని వదిలేస్తాయి. కింది కొమ్మ మీద బాగా పెరిగిన పచ్చటి గొంగళి పురుగును గడ్డిపోచతో తాకగానే, తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటికి చాచి ఘాటైన వాసన వదిలింది. ఈ మూడు దశలూ ఒకే చెట్టు మీద ఉండడమంటే అక్కడ చాలా రోజులుగా మందు పడలేదని అర్థం. రైతు మాట మీద ఆధారపడకుండానే మాకు సాక్ష్యం దొరికింది. పెద్ద చెట్టు కొన్ని ఆకులు పోయినా తట్టుకుంటుంది, అంటు మొక్క తట్టుకోదు. ఆ తేడా తెలిసి చిన్న మొక్కల మీది పురుగులనే ఏరించిన రైతు తన పంటనూ కాపాడుకున్నాడు, సీతాకోకచిలుకనూ కాపాడాడు.

వరి పొలంలోనైతే మరో పద్ధతి ఉంది. దుబ్బును కొద్దిగా వంచి మొదలు దగ్గర చూడాలి. వరిని పీల్చే సుడిదోమతో పాటు దాని గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులు, పేను బంక దొరికితే వదలని అక్షింతల పురుగులు, నీటి మీద తూనీగలు ఉంటే అది బతికి ఉన్న పొలం. అవసరం లేకున్నా కొట్టిన మందుకు ముందు చచ్చేది ఈ మిత్ర పురుగులే. అవి పోయాక దోమపోటు మరింత ఉధృతంగా తిరగబడుతుందన్నది రైతు పొలంబడుల్లో ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట.

పొద్దుతిరుగుడు వేసిన చోట ఒక తేలిక సూచిక ఉంది. గింజ బాగా కట్టడానికి పూత దశలో ఉదయంపూట పలుచని గుడ్డతో పూలను అద్దమని వ్యవసాయ శాఖ వారు సలహా ఇస్తారు, అది కూలీలతో చేయించే పని. తేనెటీగలు నిండుగా వాలే చోట ఆ కూలి ఖర్చు మిగులుతుంది. "ఈ ఏడు పూలు అద్దించారా?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు కొన్నిసార్లు పెద్ద నివేదిక కన్నా ఎక్కువ చెబుతుంది.

నాలుగవ పని: పేర్ల చిక్కు విప్పుకోవడం

గొల్లభామ అంటే ఒక ఊళ్లో మిడత, పక్క ఊళ్లో చేతులు జోడించి నిలబడే మరో పురుగు. తుమ్మెద అంటే ఒకరికి నల్లటి వడ్రంగి తుమ్మెద, మరొకరికి పూల మీద ఝుమ్మనే ఏ ఈగైనా సరే. ప్రతిపాదనలో స్థానిక నామాన్ని యథాతథంగా రాసి, దాని పక్కన శాస్త్రీయ నామాన్ని కూడా జతచేయాలి. తెలియకపోతే ఫొటో తీసి ఐనేచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల్లో పెడితే తెలిసినవారు గుర్తించి చెబుతారు. పైగా తేదీ, స్థలం నమోదవుతాయి కాబట్టి అది సాక్ష్యంగానూ నిలుస్తుంది. ఏ కీటకం ఏ మొక్క మీద బతుకుతుందో తెలుసుకుంటే పరిశీలన సగం తేలికవుతుంది: సీతాకోకచిలుకల్లో జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్, తంగేడు మీద ఎమిగ్రెంట్లు, ఈశ్వరి తీగ మీద, గాడిదగడపాకు మీద క్రిమ్సన్ రోజ్, కరివేపాకు మీద కామన్ మార్మన్. కంచెలో పాకిన ఈశ్వరి తీగను పీకకుండా ఉంచిన ఇల్లాలు క్రిమ్సన్ రోజ్ పేరు వినకపోయినా దాన్ని కాపాడుతున్నట్లే.

ఐదవ పని: చట్టం, సమ్మతి

దీన్ని క్లుప్తంగా చెబుతాను గానీ తేలికగా తీసుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయి. సాక్ష్యం కోసమని వాటిని పట్టడం, చంపడం నేరం. పెనుశిల నరసింహ అభయారణ్యంలో గానీ, నల్లమల వైపు పులుల అభయారణ్యంలో గానీ పరిశీలనకు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

సత్కారం పొందే వ్యక్తి సమ్మతి ఇంకా ముఖ్యం. ఒక యానాది కుటుంబం గురించి స్థానిక పత్రికలో వార్త వచ్చేటట్లు చేసి, అందులో తేనెపట్లున్న గుట్ట పేరు కూడా రాయించాం. వారం తిరిగేసరికి ఎవరో రాత్రిపూట పొగ పెట్టి పట్లన్నీ ఊడ్చుకుపోయారు. ఆ కుటుంబం మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధించింది. అప్పటి నుంచి తేనెపట్లు, అరుదైన కీటకాలు ఉన్న చోట్లను బహిరంగ పత్రాల్లో మండలం పేరుకు మించి రాయడం లేదు. పూర్తి వివరం కమిటీ దగ్గర మూసిన కవరులో ఉంటుంది.

ఆరవ పని: ప్రతిపాదన పత్రం రాయడం

పత్రం రెండు పేజీలు దాటకూడదు. విశేషణాలు తగ్గించి, ఇంతకు ముందు ఆ చోటు ఎలా ఉండేది, ఈ వ్యక్తి ఏం చేశారు, ఎన్నాళ్లుగా చేస్తున్నారు, దానివల్ల ఏం మారింది, ఆ మార్పు మనకెలా తెలిసింది, దీనికి వారు భరించిన నష్టం ఏమిటి అన్నవే రాయాలి. "ప్రకృతి ప్రేమికుడు, నిస్వార్థ సేవకుడు, పర్యావరణ పరిరక్షణకు జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు" అన్న వాక్యం ఏ సభలోనైనా, ఎవరి గురించైనా చదవవచ్చు. అందుకే అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాని బదులు ఇలా రాయవచ్చు: "ఈయన తన 4 ఎకరాల నిమ్మ తోటలో 6 ఏళ్లుగా పూత సమయంలో ఎటువంటి మందూ కొట్టలేదు. తోట చుట్టూ ఉన్న కానుగ చెట్లను కలపకు అమ్మమని అడిగినా ఇవ్వలేదు. మేము రెండు కాలాల్లో నడిచి లెక్కించినప్పుడు పక్క తోటలో కన్నా ఇక్కడ సీతాకోకచిలుకల రకాలు ఎక్కువగా కనిపించాయి, నడకల పట్టిక జతచేశాం. మొదటి రెండేళ్లు దిగుబడి తగ్గిందని ఆయనే చెప్పారు." దిగుబడి తగ్గిన మాటను దాచకండి. నష్టాన్ని భరించి చేసిన పనికి విలువ ఎక్కువ.

ఇరుగు పొరుగు వారిలో ఇద్దరి మాటలను వారి భాషలోనే రాసి, వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. అందులో ఒకరు ఆ మనిషి పద్ధతిని ఇష్టపడనివారైతే ఇంకా మంచిది.

ఏడవ పని: ఎంపిక

కమిటీలో ఐదుగురు చాలు. ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు, సొంతంగా సాగు చేసే ఒక రైతు, అడవి ఉత్పత్తుల మీద బతికే కుటుంబాల నుంచి ఒకరు, ఒక ఉపాధ్యాయిని, పంచాయతీ నుంచి ఒకరు ఉంటే చూపు అన్ని వైపులా తిరుగుతుంది. ప్రతిపాదించిన వ్యక్తితో చుట్టరికం, బాకీ, భూమి తగాదా ఉన్న సభ్యుడు ఆ ఒక్క చర్చకు బయట కూర్చోవాలి. ఊళ్లో ఈ నియమం పెట్టడం కష్టమే, ఎందుకంటే అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారు. అందుకే పక్క మండలం నుంచి ఒకరిని పిలవడం మాకు అలవాటైంది.

మేము 100 మార్కుల్లో 40 కీటకాలకు కలిగిన మేలుకు, అది నిలిచిన కాలానికి ఇస్తాం. సాక్ష్యం నాణ్యతకు 25, ఆ పద్ధతిని ఇతరులు అనుసరించినందుకు 15, భరించిన కష్టానికి 20. ఇతరులు అనుసరించడానికి తక్కువ మార్కులు పెట్టడం మీద మాలో వాదన జరిగింది. ఎక్కువమందికి నేర్పినవారు సాధారణంగా ముందే పేరున్నవారు అయి ఉంటారు, మూలన పనిచేసేవారు దానివల్ల వెనకబడతారు అన్న వాదనే చివరికి నెగ్గింది.

పేరు లేని ఓపికకు ఎంత విలువ ఉందో చెప్పడానికి జర్మనీలోని క్రెఫెల్డ్ పట్టణపు కీటక శాస్త్ర సంఘం ఉదాహరణ చాలు. అందులో ఎక్కువమంది ఔత్సాహికులే. ఒకే రకమైన వలలతో 63 సంరక్షిత ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కీటకాలను పట్టి తూచి పెట్టిన వారి లెక్కల ఆధారంగానే, 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిందని 2017లో ప్రపంచానికి తెలిసింది. మన దగ్గర కూడా తూనీగలు ఏ వారంలో వచ్చాయో, ఉసిళ్లు ఏ వానకు లేచాయో ఏళ్లుగా పంచాంగం అంచున రాసుకునే మనిషి దొరికితే వదలకండి. అది కూడా విశిష్ట సేవే.

ఎనిమిదవ పని: సత్కారం

సభను రాత్రిపూట పెట్టకూడదు. మా రెండో ఏడాది సభ సాయంత్రం మొదలై చీకటి పడింది, వేదిక మీద పెద్ద దీపాలు వెలిగించారు. అంతకు ముందు రోజే వాన పడింది. కీటకాల సంరక్షణ మీద ముఖ్య అతిథి మాట్లాడుతుండగా ఉసిళ్లు, రెక్కల పురుగులు వేలకొద్దీ వచ్చి ఆ దీపాలకు కొట్టుకుని, శాలువాల మీద, పూలదండల మీద రాలిపోయాయి. సత్కారం అందుకున్నాయన తన కుర్చీ కింద పోగైన రెక్కలను చూస్తూ తల వంచుకునే కూర్చున్నారు. ఇప్పుడు మేము ఉదయం 9 గంటలకు, చెట్టు కింద, ఫ్లెక్సీ లేకుండా పెడుతున్నాం. మే 20 ప్రపంచ తేనెటీగల దినం, మే 22 అంతర్జాతీయ జీవవైవిధ్య దినం అయినా, మన ఎండలకు అవి సభకు అనువైన రోజులు కావు. సంక్రాంతికి ముందు వారమైతే పరిశీలన కూడా అప్పుడే ముగిసి ఉంటుంది, బయటి ఊళ్లలో ఉన్న పిల్లలు కూడా ఇళ్లకు వచ్చి ఉంటారు.

శాలువా, జ్ఞాపిక తప్పు కాదు, కానీ అక్కడితో ఆగకూడదు. ఆ పని కొనసాగడానికి పనికొచ్చేది ఏమిటో ఆ వ్యక్తినే అడగండి. ఒకరికి పురుగులు ఏరే కూలీల ఖర్చు కావాలి, ఒకరికి గట్టు మీద నాటడానికి కానుగ మొక్కలు కావాలి, తేనె తీసే కుటుంబానికి మంచి తాడు, ముఖానికి వల, న్యాయమైన ధరకు కొనే మనిషి కావాలి. ప్రశంసా పత్రాన్ని చదవడం రాని వారికి ఇచ్చేటప్పుడు, సభలో ఎవరైనా బిగ్గరగా, తీరికగా, పూర్తిగా చదివి వినిపించాలి.

డబ్బుతో పని లేని ఒక గౌరవం కూడా ఉంది. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఏర్పడవలసిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయాలి. ఆ వ్యక్తికి తెలిసిన కీటక విజ్ఞానాన్ని, వారు సమ్మతించినంత మేరకు, వారి పేరుతో ఆ రిజిస్టరులో నమోదు చేయించండి. ఇంకా పై మెట్టు ఏమిటంటే, కొత్త జాతిని వర్ణించే శాస్త్రవేత్తలు దానికి ఒక వ్యక్తి పేరు పెట్టవచ్చు. పురుషుడైతే పేరు చివర "ఐ", స్త్రీ అయితే "ఏ", బృందమైతే "ఓరమ్" అని లాటిన్ ప్రత్యయం చేరుతుంది. వర్ణించినవారు తమ పేరే పెట్టుకోవడం మర్యాద కాదని శాస్త్రవేత్తల్లో ఆనవాయితీ ఉంది. మీ ప్రాంతంలో పరిశోధనకు వచ్చేవారికి దారి చూపి, నమూనా దొరికే చోటు చెప్పినవారి పేరును కనీసం కృతజ్ఞతల్లోనైనా రాయమని మొహమాటం లేకుండా అడగాలి.

తొమ్మిదవ పని: పై స్థాయికి పంపడం

మీ దగ్గర పరిశీలన పట్టికలు, పొరుగువారి మాటలు, ఫొటోలు సిద్ధంగా ఉంటే ఆ పత్రాన్నే పెద్ద పురస్కారాలకు మలచుకోవచ్చు. హైదరాబాదులో జీవవైవిధ్య సదస్సు జరిగిన 2012లోనే మొదలైన భారత జీవవైవిధ్య పురస్కారాలు, వన్యప్రాణి రక్షణకు కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే అమృతాదేవి బిష్ణోయ్ పురస్కారం ప్రకటన వెలువడినప్పుడు చూసుకోదగినవి. రెండో పురస్కారానికి పేరిచ్చిన అమృతాదేవి 1730లో రాజస్థాన్‌లోని ఖేజర్లీ గ్రామంలో చెట్ల కోసం ప్రాణమిచ్చిన స్త్రీ. కేవలం కీటకాల కోసమే ఉన్న గౌరవం చూడాలనుకుంటే, 1833లో లండన్‌లో మొదలైన రాయల్ ఎంటమాలజికల్ సొసైటీ, మార్ష్ చారిటబుల్ ట్రస్టుతో కలిసి ఇచ్చే కీటక సంరక్షణ పురస్కారం మంచి నమూనా. జీవితకాల కృషినీ, ఒక వ్యక్తి చేసిన ప్రత్యేకమైన పనినీ అది రెండింటినీ గుర్తిస్తుంది. మేము కూడా ఈ విభజనను అనుకరించి, ఒక ఏడాది పెద్దవారికి, మరుసటి ఏడాది 30 ఏళ్ల లోపు వారికి ఇస్తున్నాం.

చివరి పని: ఏడాది తరువాత మళ్లీ వెళ్లడం

సత్కారం జరిగిన మరుసటి సెప్టెంబరులో అదే దారిలో, అదే వేగంతో మళ్లీ నడిచి లెక్క రాయాలి. సంఖ్య తగ్గితే నిందించడానికి కాదు, కారణం తెలుసుకోవడానికి వెళ్లాలి; వాన ఎగ్గొట్టి ఉండవచ్చు, పక్క పొలంలో డ్రోనుతో మందు కొట్టి ఉండవచ్చు. మొదట చెప్పిన నిమ్మ రైతు తోటకు మేము అలా వెళ్లినప్పుడు ముసలి చెట్లు రెండింటిలో ఒకటి గాలివానకు పడిపోయి ఉంది. ఆయన పడిన చెట్టు పక్కనే మరో మొక్క నాటి, దానికి ముళ్లకంప చుట్టి, "ఇది కాయల కోసం కాదు, వాటి కోసం" అని చెప్పారు. ఆ మొక్క ఎత్తును కూడా మా పట్టికలో ఒక కొత్త గడి గీసి రాసుకున్నాం.